ఆర్.సి.ఎం. వాళ్ళు క్రైస్తవులు కారా? చెల్లెలి సంబంధం గురించి అడిగిన బ్రదర్‌కు జవాబు

బ్రదర్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది ఆకివీడు దగ్గర ఊరు, తాతల నాటి నుంచి బాప్టిస్టులు. చెల్లెలికి ఏలూరు నుంచి ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడు, కుటుంబమూ నచ్చింది. మీ సంఘ పెద్దలు మాత్రం "వాళ్ళు మరియమ్మకు మొక్కేవాళ్ళు, క్రైస్తవులే కారు, అవిశ్వాసులతో జోడు కడతారా" అంటున్నారు. అటువైపు అబ్బాయి నానమ్మగారేమో "పిల్ల మా గుళ్ళో జ్ఞానస్నానం పొందితేనే పెళ్ళి" అన్నారట. జ్ఞానస్నానం అంటే బాప్తిస్మానికి వాళ్ళు వాడే మాట. ఇద్దరూ క్రైస్తవులేనా, అయితే మళ్ళీ బాప్తిస్మం ఎందుకు అని మీ సందేహం.

ఇద్దరూ క్రైస్తవులే. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఇక బాప్తిస్మం సంగతంటారా, అది మీ చెల్లెలికి ఇప్పటికే అయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు ఆ విషయం రాయలేదు. ఈ సంబంధంలో అసలు చూసుకోవలసింది అదే. మీ పెద్దలు గీత గీసిన చోటు వేరు, నిజంగా చిక్కు వచ్చే చోటు వేరు.

నేను లూథరన్ పాస్టరుగా డెల్టా పల్లెల్లో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ పుట్టిల్లు ఆర్.సి.ఎం. కాబట్టి ఈ వాదన నాకు మా ఇంటి భోజనాల దగ్గరే అలవాటు. ఇలాంటి పెళ్ళిళ్ళు చేశాను, కొన్నిటికి ఫాదర్ గారి పక్కన నిలబడి ప్రార్థన మాత్రం చేశాను, ఒకటి రెండు నా కళ్ళముందే చెడిపోవడమూ చూశాను.

ముందు సిద్ధాంతం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ఒకే దేవుడు, యేసుక్రీస్తు దేవుడూ మనిషీ అన్న నమ్మకం, ఆయన సిలువ మరణం, మూడో రోజు తిరిగి లేవడం. క్రైస్తవుడెవరు అన్నదానికి పాతకాలం నుంచీ సంఘం పెట్టుకున్న కొలత ఇదే. 325లో నీకయలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో సభలు పెట్టి దీన్ని విశ్వాస ప్రమాణంగా రాశారు. కాథలిక్కులు ఆ ప్రమాణాన్ని ఆదివారం పూజలో చెబుతారు. మేమూ ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెబుతాం. మీ బాప్టిస్టు సంఘాల్లో దాన్ని వరుసగా చదివే అలవాటు తక్కువ, కానీ అందులో ఉన్న సంగతుల్లో మీ పాస్టర్ గారు కాదనేది ఒక్కటీ ఉండదు. మార్టిన్ లూథర్ తన 95 వాదాలు బయటపెట్టింది 1517లో. కాథలిక్కులు క్రైస్తవులు కారంటే, అంతకుముందు పశ్చిమ ఐరోపాలో వందల ఏళ్ళపాటు క్రైస్తవుడన్నవాడే లేడని ఒప్పుకోవాలి. లూథర్ కూడా అలా అనలేదు. పోపు మీద ఎంత ఘాటుగా రాసినా, చిన్నప్పుడు కాథలిక్ సంఘంలో తాను పొందిన బాప్తిస్మాన్ని ఆయన చెల్లదని ఎప్పుడూ అనలేదు, మళ్ళీ తీసుకోనూ లేదు.

మరి వాళ్ళు మన గురించి ఏమంటారు? ఒకప్పుడు గట్టిగానే అన్నారు. 1545 నుంచి 1563 వరకు జరిగిన ట్రెంట్ సభ సంస్కర్తల బోధలను ఖండించింది. రెండో వాటికన్ సభ 1964లో క్రైస్తవ ఐక్యత మీద ఇచ్చిన పత్రం దారి మార్చింది. క్రీస్తును నమ్మి సరిగా బాప్తిస్మం పొందినవాళ్ళు, కాథలిక్ సభ (అంటే వాళ్ళ సంఘం) బయట ఉన్నా, క్రైస్తవులని పిలిపించుకోవడానికి హక్కున్నవాళ్ళే, ప్రభువులో సోదరులే అని అందులో ఉంది. 1999 అక్టోబరు 31న జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సభ కలిసి, మనిషి నీతిమంతుడయ్యేది దేవుని కృపవల్లనే అన్న విషయంలో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. లూథర్ పోరాటమంతా ఆ ఒక్క అంశం మీదే నడిచిందని గుర్తుంచుకోండి. తర్వాత మెథడిస్టులు కూడా దానికి ఒప్పుకున్నారు. అలాగని అంతా చక్కబడిపోలేదు. 2000లో రోమ్ నుంచి వచ్చిన ఇంకో పత్రం, ప్రొటెస్టెంట్ సంఘాలు పూర్తి అర్థంలో 'సభలు' కావని చెప్పి చాలామందికి కోపం తెప్పించింది. అయితే అది సంఘం గురించిన మాట. అందులోని మనుషులు క్రైస్తవులు కారని ఆ పత్రమూ అనలేదు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, దీని గురించి వాదన లేదు కనుక. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం దృష్టిలో క్రైస్తవ మతాన్ని అవలంబించేవారంతా క్రైస్తవులే. 1925 నాటి వారసత్వ చట్టం ఇంకా తేటగా, క్రైస్తవ మతంలో 'ఏ రూపాన్ని' అనుసరించినా అని రాసింది. మన రాష్ట్రంలో బీసీ-సి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు కూడా మీరు ఆర్.సి.ఎం. కనుక కుదరదు, బాప్టిస్టు కనుక కుదురుతుంది అన్న నిబంధనేమీ లేదు.

ఇప్పుడు మీ పెద్దలకు నేనైతే చెప్పే మాట. మన డెల్టాలో ఎవరు ఏ సంఘం అన్నది చాలావరకు ఏ దొరగారు ఏ ఊరు వచ్చారన్నదాన్ని బట్టి వచ్చింది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి, తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. అందుకే నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ సంఘాలు అంత పాతవి. రాజమండ్రిలో 1840లలో జర్మన్లు మొదలుపెట్టిన పనిని తర్వాత అమెరికా లూథరన్లు అందుకున్నారు. మేము భీమవరం దాకా విస్తరించింది ఆ దారినే. 1874లో కెనడా బాప్టిస్టులు కాకినాడలో స్థిరపడ్డారు, రామచంద్రపురం, పిఠాపురం, మీ ఆకివీడు వాళ్ళ స్టేషన్లే. మచిలీపట్నంలో మొదలైన ఇంగ్లండు చర్చి మిషన్ ఏలూరు వచ్చింది. 1947లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక ఆ సంఘాలు అందులో కలిశాయి. ఏలూరు, విజయవాడ వైపు ఇటలీ గురువులు, యానాంలో ఫ్రెంచివాళ్ళు కాథలిక్ పని చేశారు. ప్రొటెస్టెంట్ మిషన్లు తమలో తాము ఒక ఒప్పందం కూడా పెట్టుకున్నాయి. ఒకరు పనిచేసే చోట ఇంకొకరు అడుగు పెట్టకూడదని. పూర్తిగా పాటించారని అనను, కానీ మ్యాపు మాత్రం అలాగే పడింది. మా ముత్తాతగారు లూథర్ పుస్తకాలు చదివి లూథరన్ అయ్యారని నేను అనుకోను. ఆయన పేటకు వచ్చి బడి పెట్టినవాళ్ళు లూథరన్లు, అంతే. మీ తాతగారి ఊరికి ఇటలీ ఫాదర్ గారు ముందు వచ్చి ఉంటే మీరు ఇప్పుడు మరియమ్మ పుణ్యక్షేత్రమైన నిర్మలగిరికి బస్సు కట్టించుకుని వెళ్తూ ఉండేవాళ్ళు.

ఆ నిర్మలగిరి సంగతికే వద్దాం, ఎందుకంటే మీ పెద్దల అభ్యంతరం అక్కడుంది. అది ఊరికే తోసిపుచ్చేదీ కాదు. గౌరీపట్నం కొండ మీద మార్చి 25 పండుగకు, గుణదలలో ఫిబ్రవరి 11కు జనం ఎలా వెళ్తారో చూసినవాళ్ళకు అనుమానం రావడం సహజం. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు, మాతకు చీర పెట్టడం. బాప్టిస్టు ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది చూడగానే ఇబ్బందిగా ఉంటుంది, నాకూ కొన్నిచోట్ల ఉంటుంది. కానీ కాథలిక్ సభ బోధ ఏమిటంటే ఆరాధన దేవునికి ఒక్కరికే, మరియమ్మకూ పునీతులకూ (సెయింట్లకు) ఇచ్చేది గౌరవం, వాళ్ళను అడిగేది తమకోసం ప్రార్థించమని. ఈ తేడాను 787లోనే రెండో నీకయ సభ రాసిపెట్టింది. వాళ్ళు జపమాలలో చెప్పే మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలోని దేవదూత మాటలూ ఎలీసబెతు మాటలే. రెండో సగమే మనకు అభ్యంతరం, మరణించిన పునీతులను ప్రార్థించమని అడగడం మనకు వాక్యంలో కనపడదు కనుక. ఆ విషయంలో నేనూ మీ పక్షమే. మా అత్తగారితో దీనిమీద ఏళ్ళ తరబడి వాదించాను, ఆవిడ జపమాల ఆపలేదు, నేను చేత పట్టలేదు.

అయితే ఒక బోధ తప్పనడం వేరు, ఆ మనిషి క్రైస్తవుడే కాదనడం వేరు. పండుగలో సామాన్య జనం గీత దాటుతారా? దాటుతారు. ఫాదర్లే ప్రసంగంలో అది చెప్పి మందలించడం నేను విన్నాను. మన వైపు చూడండి మరి. ప్రార్థన చేసిన నూనె సీసాలు, తలగడ కింద పెట్టుకునే రుమాళ్ళు, కూడలిలో ప్రభువు కన్నా పెద్దగా దైవజనుని ఫొటో ఉన్న ఫ్లెక్సీ. వాటిని చూసి ఎవరైనా ప్రొటెస్టెంట్లు క్రైస్తవులు కారు అంటే మనం ఊరుకుంటామా?

ఇంకొకటి తరచూ వింటాను, "వాళ్ళు రెండో ఆజ్ఞ తీసేశారు" అని. తీసేయలేదు. వాళ్ళ బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయం తెరిచి చూడండి, విగ్రహాల మాట అక్కడే ఉంది. పది ఆజ్ఞలను లెక్కపెట్టే పద్ధతి వేరు, వాళ్ళు దాన్ని మొదటి ఆజ్ఞలో కలిపి, చివరి ఆజ్ఞను రెండు చేస్తారు. లూథర్ 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలోనూ అదే లెక్క, మా పిల్లలకు నేను నేర్పిందీ అదే. బైబిలు మాత్రం నిజంగానే తేడా. మనకు 66 పుస్తకాలు, వాళ్ళకు 73. ఎక్కువగా ఉన్న ఏడూ పాత నిబంధనలోవి, తోబీతు, యూదితు, మక్కబీయుల వంటివి. కొత్త నిబంధన 27 పుస్తకాలు అందరికీ ఒకటే.

మీ పెద్దలు "క్రైస్తవులు కారు" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది బహుశా "రక్షింపబడలేదు" అన్న మాట. మారుమనస్సు, తిరిగి పుట్టడం అన్నవి మీ సంఘానికి ప్రాణం. దానికి నేను చేతులు జోడిస్తాను. కానీ ఆ కొలత పట్టుకుంటే ఆర్.సి.ఎం. ఒక్కటే మిగలదు. మమ్మల్ని కూడా మీలో కొందరు 'నామకార్థ క్రైస్తవులు' అంటారు, పసిపిల్లలకు నీళ్ళు చల్లుతాం కనుక. మీ బల్లల మీద కూర్చునేవాళ్ళలోనూ ఎవరు నిజంగా మారారో మీకూ తెలియదు. కొరింథీయులకు రాసిన పత్రికలో అవిశ్వాసులతో జోడు వద్దని పౌలు చెప్పినప్పుడు, ఆయన ఎదుట ఉన్నది క్రీస్తును ఎరగక అన్య దేవాలయాలకు వెళ్ళే కొరింథు జనం. ఆదివారం ఆదివారం యేసే ప్రభువని ఒప్పుకునే కుర్రవాణ్ణి ఆ వాక్యం కిందకు తేవడం కుదరదు. కాబోయే బావగారికి దేవుని మీద భయభక్తులు ఉన్నాయా, ప్రార్థన ఉందా, తాగుడు ఉందా అన్నవి అడగండి. అవి అడగవలసినవి, బాప్టిస్టు కుర్రాడైనా అడగవలసినవే.

ఇక అసలు చిక్కు.

బాప్తిస్మం దగ్గర గీత కాథలిక్, ప్రొటెస్టెంట్ మధ్య పడదు. పసిపిల్లలకు ఇచ్చేవాళ్ళు ఒకవైపు: ఆర్.సి.ఎం., లూథరన్, సి.ఎస్.ఐ. పెద్దయ్యాక సాక్ష్యం చెప్పి ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలనేవాళ్ళు ఇంకోవైపు: మీరు, బ్రదరెన్, పెంతెకొస్తువాళ్ళు. ఆర్.సి.ఎం. నుంచి ఎవరైనా మా సంఘానికి వస్తే మేము మళ్ళీ బాప్తిస్మం ఇవ్వం, నేర్పించి సభ్యత్వంలోకి తీసుకుంటాం. మా పిల్ల ఆర్.సి.ఎం. ఇంటికి వెళ్ళినా వాళ్ళు మళ్ళీ ఇవ్వరు. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో, నీటితో జరిగితే చాలు, ఏ సంఘంలో జరిగినా చెల్లుతుంది. మళ్ళీ చేయకూడదని వాళ్ళ చట్టంలోనే ఉంది, గట్టి అనుమానం ఉంటే తప్ప. కాబట్టి మీ చెల్లెలికి మీ సంఘంలో ముంచుడు బాప్తిస్మం అయి ఉంటే, ఆ నానమ్మగారి షరతుకు వాళ్ళ సభలోనే ఆధారం లేదు. మర్యాదగా విచారణ గురువును (వాళ్ళ గుడి ఫాదర్ గారిని) అడగమనండి, ఆయనే చెబుతారు. అబ్బాయిని మీ సంఘం మళ్ళీ ముంచుతానంటే అది మీ సంఘ సిద్ధాంతం, నేను మధ్యలోకి రాను. అతను మీ సంఘ సభ్యుడు కావాలనుకుంటే తప్ప ఆ ప్రశ్న రాదు కూడా.

అవ్వలేదనుకోండి. బాప్టిస్టు, బ్రదరెన్ ఇళ్ళలో ఇది మామూలే. సండే స్కూలు, క్వయరు, యూత్ మీటింగులు అన్నీ ఉంటాయి, బాప్తిస్మం మాత్రం "ఇంకా తీర్మానం తీసుకోలేదు" అని ఆగి ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలో సరిగ్గా ఇదే జరిగింది. నిశ్చితార్థం అయింది, ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ ఇచ్చేశారు, అప్పుడు ఫాదర్ గారు అమ్మాయి బాప్తిస్మపు సర్టిఫికెట్ అడిగారు. లేదు. "మూడు తరాల నుంచి క్రైస్తవులం, మా పిల్ల క్రైస్తవురాలు కాదంటారా" అని తండ్రి ఆయన మీద విరుచుకుపడ్డాడు. ఫాదర్ గారు అన్నది అది కాదు. బాప్తిస్మం పొందిన ఇద్దరి మధ్య పెళ్ళికి వాళ్ళ పీఠాధిపతి (బిషప్) అనుమతి చాలు. ఒకరు పొందకపోతే అది అన్యమతస్థులతో పెళ్ళికి తీసుకునేలాంటి మినహాయింపు కిందకు పోతుంది, ఆ పెళ్ళి వాళ్ళ లెక్కలో దివ్య సంస్కారం (సాక్రమెంట్) కూడా కాదు. చివరికి ఆ అమ్మాయి తనంతట తానే తన సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. అది వేసవి, కాలువలు కట్టేసి ఉన్నాయి, పక్క ఊరి చర్చిలో తొట్టి ఉంటే అక్కడ ఇచ్చారు. సర్టిఫికెట్ వచ్చింది, ఏలూరు నుంచి అనుమతీ వచ్చింది. ఒక్క జాగ్రత్త: పెళ్ళి కాగితం కోసం బాప్తిస్మం తీసుకోమని మీ చెల్లెలిని తొందరపెట్టకండి. మీ సంఘమే దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

పెళ్ళి ఎక్కడ? వాళ్ళ గుళ్ళో అయితే పూర్తి పూజతో కాకుండా వాక్య పఠనం, వివాహ ప్రమాణాలు, ప్రార్థనలతో చేయమని అడగండి. ఇలాంటి పెళ్ళికి అదే వాళ్ళ దగ్గర మామూలు పద్ధతి. పూజ పెడితే సత్ప్రసాదం (మనం ప్రభువు బల్ల అనేది) అబ్బాయి తరఫు వాళ్ళు తీసుకుంటారు, మీవాళ్ళకు ఇవ్వరు. పెళ్ళిరోజు సగం మంది లేచి వెళ్ళడం, సగం మంది కూర్చుని చూడడం, ఆ మొహాలు నేను చూశాను, బాగుండదు. మీ చర్చిలో చేయాలంటే అబ్బాయి ముందుగా పీఠాధిపతి దగ్గర దానికి విడిగా మినహాయింపు తెచ్చుకోవాలి. తేకుండా మీ పాస్టర్ గారు చేస్తే చట్టప్రకారం పెళ్ళి చెల్లుతుంది, కాథలిక్ సభ మాత్రం చెల్లదంటుంది, తర్వాత ఆ అబ్బాయి సత్ప్రసాదానికి వెళ్ళడానికి ఇబ్బంది. తేదీ కూడా చూసుకోండి, ఈస్టర్‌కు ముందు తపస్కాలంలో వాళ్ళూ మేమూ సాధారణంగా పెళ్ళిళ్ళు పెట్టం. మీ పాస్టర్ గారు చేసేట్టయితే ఆయనకు లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి, ముహూర్తం రాత్రికి పెట్టుకోకండి. 1872 చట్టం పెళ్ళి చేయడానికి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే సమయం ఇచ్చింది, కాథలిక్ గురువులకు అందులో సడలింపు ఉంది.

పిల్లల సంగతి పెళ్ళికి ముందే మాట్లాడుకోండి. గొడవ పెళ్ళిలో రాదు, పురుడు వచ్చాక వస్తుంది. కాథలిక్ అబ్బాయి, పుట్టే పిల్లలకు తమ సభలో జ్ఞానస్నానం ఇప్పించడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. పాతరోజుల్లో ఇద్దరి చేతా హామీ తీసుకునేవారు. 1970లో పోపు ఆరవ పౌలు ఆ నియమం సడలించాక, అమ్మాయికి ఆ మాట తెలియజేస్తే చాలు, ఆమె మాట ఇవ్వనక్కర్లేదు. మన వైపు మొదటి కాన్పు పుట్టింట్లోనే కదా. పైన చెప్పిన అమ్మాయి బిడ్డను పుట్టింటివాళ్ళు తమ సంఘంలో ప్రతిష్ఠ ప్రార్థన (బిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన, బాప్తిస్మం కాదు) చేయించారు, అత్తింటికి వెళ్ళాక అక్కడ జ్ఞానస్నానం ఇప్పించారు. రెండు వైపులా పెద్దలు మూతి ముడిచారు. రేపు ఆ బిడ్డ పెద్దయ్యాక అమ్మమ్మ సంఘంలో సభ్యత్వం కావాలంటే ముంచుడు బాప్తిస్మం అడుగుతారు, అప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. దీనికి నా దగ్గర అందరికీ నచ్చే జవాబు లేదు. భార్యాభర్తలు ముందే ఒక మాట మీద ఉంటే పెద్దలు సర్దుకుంటారు, లేకపోతే ఆ తొట్టెల చుట్టూ రెండు సంఘాలూ చేరతాయి.

చివరగా ఒక మినహాయింపు. ఎవరు యేసు పేరు ఎత్తితే వాళ్ళందరూ ఈ లెక్కలో పడరు. యెహోవా సాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు, వాళ్ళ బాప్తిస్మాన్ని కాథలిక్కులూ ఒప్పుకోరు, మేమూ ఒప్పుకోం. 'యేసు నామంలో మాత్రమే' బాప్తిస్మం ఇచ్చే సంఘాలు కొన్ని మన జిల్లాల్లోనూ ఉన్నాయి, అక్కడ తీసుకున్నవాళ్ళ విషయంలో ఫాదర్ గారు తప్పకుండా ప్రశ్నలు వేస్తారు. ఎక్కువ సంఘాలు మారిన కుటుంబమైతే ఇది ముందే చూసుకోవాలి.

మీ చెల్లెలి బాప్తిస్మం అయిందా, అయితే ఏ సంఘంలో, సర్టిఫికెట్ ఉందా అన్నది ఇక్కడ రాయండి. సర్టిఫికెట్ పోయిందనుకోండి, చర్చి రిజిస్టరులో పేరు ఉంటే పాస్టర్ గారు నకలు రాసి సంతకం, ముద్ర వేసి ఇస్తారు. అబ్బాయిని కూడా ఇప్పుడే వాళ్ళ విచారణ గురువును కలిసి రమ్మనండి. అనుమతి ఏలూరు నుంచి రావాలి కనుక, హాలుకు అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ పని మొదలుపెట్టడం మంచిది.